శృంగారం, సాహిత్యం, జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఈ ప్రశ్నలు క్లాసులో ఎవరూ అడగరు. క్లాసయ్యాక, మిగతావాళ్ళు వెళ్ళిపోయేదాకా వరండాలో ఆగి, చేతిలో పుస్తకం అటూఇటూ తిప్పుతూ అడుగుతారు. కొందరు పెళ్ళయ్యాక ఫోన్ చేసి అడిగారు. ఒకరిద్దరు తల్లులూ అడిగారు. అప్పుడు అరకొరగా చెప్పినవాటిని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

శృంగారం, కామం, లైంగికత, బూతు: ఇవన్నీ ఒకటేనా?

కాదు. కామం అంటే కోరిక. ధర్మార్థకామమోక్షాలని నాలుగు పురుషార్థాల్లో దాన్నీ చేర్చారంటే, మనిషి బతుకులో దానికి న్యాయంగా చోటుందని పెద్దలు ఒప్పుకున్నట్టే. శృంగారం రసం. కోరిక ఒకరి ఒంట్లో పుడుతుంది. అది చూపుగా, మాటగా, పాటగా మారి చదివేవాళ్ళకీ వినేవాళ్ళకీ అందితే శృంగారం. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెబుతూ మొట్టమొదట దీన్నే పెట్టాడు. దీని స్థాయీభావం, అంటే రసానికి పునాదిగా నిలిచే భావం, రతి. కలిసున్నప్పటిది సంభోగ శృంగారం, ఎడబాటులోది విప్రలంభ శృంగారం. మనిషి పక్కన లేనప్పుడు పడే బాధని కూడా శృంగారంలోనే లెక్కవేశారు చూడండి, అది నాకు ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉంటుంది.

లైంగికత ఈ మధ్యకాలపు మాట. ఒళ్ళు, కోరిక, ఎవరి మీద మనసు పోతుంది, తన శరీరాన్ని తానెలా చూసుకుంటారు, ఇవన్నీ అందులోకి వస్తాయి. డాక్టరు దగ్గరా కోర్టులోనూ పనికొచ్చే మాట.

ఇక బూతు. మన తిట్లు ఒకసారి తలుచుకోండి. చాలావాటిలో ఎవరో ఒకరి అమ్మ శరీరమో ఆలి శరీరమో ఉంటుంది. ఒంటి గురించి చెప్పుకోవడానికి ఉన్న అచ్చ తెలుగు మాటలన్నీ వీధి తగువుల్లో వాడేశాం. ప్రేమగా పలకాల్సినచోట నోట్లో మాట లేకుండా పోయింది. మన అసలు కష్టం అక్కడుందని నా నమ్మకం. కింద జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

సాహిత్యంలో శృంగారం అవసరమా? అది లేకుండా మంచి రచన చెయ్యలేరా?

చెయ్యవచ్చు. చాలామంది చేశారు కూడా. కానీ మనుషుల గురించి రాయాలని కూర్చుని, వాళ్ళు నిద్రపోకుండా ఆలోచించే విషయాన్ని ఒక్కదాన్ని పక్కన పెట్టేస్తే, రాసిన మనుషుల్లో ఏదో తక్కువవుతుంది.

శృంగారం అంటే వెంటనే పడక గుర్తుకొస్తుంది కాబట్టి ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. శాతవాహనుల కాలంనాటి హాలుడి పేరుమీద ఉన్న గాథాసప్తశతిలో ఒక ప్రాకృత గాథ ఉంది. చలివేంద్రం దగ్గర ఒక పిల్ల నీళ్ళు పోస్తుంటుంది. బాటసారి దోసిలి పడతాడు, కళ్ళు పైకెత్తి ఆమెనే చూస్తుంటాడు. నీళ్ళు తొందరగా అయిపోకూడదని వేళ్ళ సందులు వదులు చేస్తాడు. నీళ్ళు కారిపోతుంటాయి. ఆ పిల్ల సంగతి గ్రహించి, తను కూడా ధార సన్నం చేస్తుంది. అంతే, రెండు పాదాల్లో గాథ అయిపోయింది. ముట్టుకోలేదు, మాట్లాడుకోలేదు. ఒకరి కోరికకు ఇంకొకరు ఊ అన్నారు. ఆ సన్నబడిన ధారలో ఉన్నదాన్ని మించిన శృంగారం నేను చదవలేదు.

భక్తి కవులు కూడా ఇలాంటివి రాశారా?

రాశారు, ఎక్కువగానే రాశారు. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలు రాగిరేకుల మీద అధ్యాత్మ, శృంగార అని రెండు తరగతులుగా ఉన్నాయి. దొరికినవాటిలో శృంగార సంకీర్తనలే ఎక్కువ. మనం పెళ్ళిళ్ళలో, టీవీల్లో పదేపదే వినేవి కొన్ని మాత్రమే. అలమేలుమంగ అలిగినప్పుడు, వేంకటేశుడు ఇంకెవరి దగ్గరికో వెళ్ళొచ్చినప్పుడు, ఇద్దరూ రాజీపడ్డాక తెల్లవారినప్పుడు రాసిన పాటలు వందలకొద్దీ ఉన్నాయి.

క్షేత్రయ్య దగ్గరికి వస్తే, 17వ శతాబ్దంలో మువ్వగోపాలుడి మీద కట్టిన పదాల్లో మాట్లాడేది దాదాపు ఎప్పుడూ స్త్రీయే. వేశ్య కూడా మాట్లాడుతుంది, దేవుణ్ణి నిలబెట్టి అడుగుతుంది. ఈ పదాలు మనదాకా వచ్చాయంటే వాటిని నోటా ఒంటా నిలుపుకున్న దేవదాసీల పుణ్యమే. వాళ్ళను చెడ్డవాళ్ళన్నాం, వాళ్ళ పాటను కళ అని ఉంచుకున్నాం. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ముద్దుపళని కావ్యాన్ని నిజంగానే నిషేధించారా?

నిజమే. ఈ కథ వివరంగా తెలియాలి.

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. ‘రాధికాసాంత్వనము’ రాసింది. రాధ తాను పెంచిన ఇళ అనే పిల్లను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. మొదటి రాత్రికి ముందు ఇళకు బుద్ధులు చెబుతుంది. కృష్ణుడితో కూడా, ఇది లేతపిల్ల, మెల్లగా ఉండమని చెబుతుంది. చేతులారా పెళ్ళి చేసి పంపాక, తన గదిలో కూర్చుని అసూయతో ఉడికిపోతుంది. అప్పుడు కృష్ణుడు వచ్చి బుజ్జగించాలి. పేరులో ఉన్న సాంత్వనం అదే. నడివయసు స్త్రీకి కోరిక ఉంటుందని, ఆమెను బతిమాలాల్సిన అవసరం దేవుడికైనా ఉంటుందని కావ్యం పొడుగునా చెప్పిన ధైర్యం ఆమెది.

కందుకూరి వీరేశలింగం గారికి ఇది నచ్చలేదు. ఆడదాని చెవిన పడకూడని, నోట రాకూడని సంగతులున్నాయని రాశారు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలతోపాటు కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠిక కూడా లేదు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో ప్రచురణకర్తలు వావిళ్ళవారి ద్వారా మద్రాసులో అచ్చువేయించింది. మగకవులు ఇంతకన్నా ఎక్కువ రాశారు కదా, సిగ్గు ఆడవాళ్ళకు ఒక్కళ్ళకేనా అని ముందుమాటలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది, ప్రతులను పట్టుకుపోయారు. నిషేధం తొలగింది 1947లో.

వీరేశలింగం గారు వితంతువులకు పెళ్ళిళ్ళు చేసి, రాళ్ళదెబ్బలకు వెరవని మనిషి. ఆయన మీద నాకు చాలా గౌరవం. ఆడవాళ్ళ కన్నీళ్ళు అంతగా చూడగలిగిన ఆయన ఆడవాళ్ళ కోరికను చూడలేకపోయారు. ఇది ఆయన ఒక్కడి లోపం కాదు. స్త్రీ మీద జాలి చూపడం మనకి ఎప్పుడూ తేలికే.

ఏది శృంగారం, ఏది అశ్లీలం? ఎలా తేల్చుకోవాలి?

ఎంత పచ్చిగా రాశారన్నది కొలత కాదు. నేను చదివేటప్పుడు ఒక్కటే చూస్తాను: ఆ ఇద్దరూ ఆ సన్నివేశంలో మనుషులుగా ఉన్నారా? ఇద్దరికీ మనసుందా? ఒకరు ‘ఇప్పుడొద్దు’ అనగలరా? నవ్వొస్తే నవ్వగలరా? అలా ఉంటే ఎంత విప్పి రాసినా నాకు అభ్యంతరం ఉండదు. ఒకరు మనిషిగా ఉండి, రెండోవారు అవయవాల జాబితాగా మిగిలిపోతే, ఎంత సంస్కృత సమాసాల్లో చుట్టినా నాకు వెగటు పుడుతుంది. మన ప్రబంధాల్లో కాలిగోటి నుంచి జుట్టుదాకా సాగే కొన్ని నఖశిఖ వర్ణనలు ఈ రెండో రకమే. క్లాసికల్ అన్న పేరుతో వాటిని వెనకేసుకు రావాల్సిన పని లేదు.

చట్టం ఏమంటుంది?

అశ్లీల పుస్తకాల అమ్మకం భారత శిక్షాస్మృతిలో 292 సెక్షన్ కింద నేరంగా ఉండేది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 294. సాహిత్యం, కళ, విజ్ఞానం కోసం ప్రజలకు మేలు చేసేదని రుజువైతే మినహాయింపు ఉంది. ఇంగ్లిష్ రచయిత లారెన్స్ నవల ‘లేడీ చాటర్లీస్ లవర్’ను ప్రచురించినవాళ్ళను ఇంగ్లండులో 1960లో జ్యూరీ నిర్దోషులంది. అదే నవల అమ్మినందుకు బొంబాయి పుస్తక వ్యాపారికి పడిన శిక్షను 1964లో మన సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అప్పుడు వాడిన కొలబద్ద 1868 నాటి ఇంగ్లిష్ తీర్పులోది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని వదిలేసి, ఒక ముక్క కాకుండా మొత్తం రచనను, ఇప్పటి సమాజపు ప్రమాణాలతో చూడాలంది. పెరుమాళ్ మురుగన్ తమిళ నవల కేసులో 2016లో మద్రాసు హైకోర్టు, పుస్తకం నచ్చకపోతే చదవొద్దు, పక్కన పడెయ్యండి అన్న అర్థంలో తీర్పిచ్చింది.

పాత కావ్యాల్లో ఆడవాళ్ళ ఇష్టాయిష్టాలకు విలువుందా? ఇప్పటి ‘సమ్మతి’ మాట అప్పటికి అతుకుతుందా?

అతికించి చూడటమే మంచిది, కవి తక్కువైపోడు. పెద్దన మనుచరిత్ర తీసుకోండి. కాళ్ళకు సిద్ధుడిచ్చిన పసరు పూసుకుని ప్రవరుడు హిమాలయానికి వెళ్తాడు. మంచుకి పసరు కరిగిపోయి, ఇల్లు చేరే దారి లేక తిరుగుతుంటే వరూధిని కనిపిస్తుంది. ఆమెకు ఇష్టం, అతనికి కాదు. మీద పడితే తోసేసి, అగ్నిదేవుణ్ణి వేడుకుని వెళ్ళిపోతాడు. మగాడు వద్దన్నప్పుడు అది వద్దనే. ఇంతవరకు క్లాసులో అందరం చెప్పుకుంటాం.

తర్వాతది చెప్పుకోం. ఆమెను ఎప్పటినుంచో కోరుకుంటున్న గంధర్వుడు ప్రవరుడి రూపం వేసుకుని వస్తాడు. కలిసే సమయంలో కళ్ళు మూసుకోవాలని షరతు పెడతాడు. ఆమె ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలు ఎవరికి? ప్రవరుడికి. అనుభవించింది ఎవరు? ఇంకొకడు. చదివే మనకు ఇది తెలుసు, ఆమెకు తెలియదు. ఒకసారి ఈ ఘట్టం చెబుతుంటే వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, “మేడమ్, ఇది మోసం కదా, దీన్ని శృంగారం అంటారేంటి?” అంది. క్లాసంతా నిశ్శబ్దం. నేను చదువుకునే రోజుల్లో మా లెక్చరర్ ఇలాంటి చోట్ల “ఈ పది పద్యాలూ వదిలెయ్యండి, పరీక్షకు రావు” అనేవారు. ఆయన వదిలేయబట్టి నాకు ఆ ప్రశ్న తట్టడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఆ అమ్మాయికి పది నిమిషాలు పట్టింది.

చలాన్ని ఇప్పటికీ చదవాలా?

చదవాలి, ఒప్పుకోవాలని లేదు. ఆయన నవల ‘మైదానం’ 1927లో వచ్చింది. ప్లీడరు భార్య రాజేశ్వరి, అమీర్‌తో వెళ్ళిపోతుంది. నా ఒళ్ళు నాది అని తెలుగులో ఒక స్త్రీ పాత్ర అంత సూటిగా అనడం అప్పటికి పిడుగు పడినట్టే. కానీ ఇవాళ చదువుతుంటే ఆమె ఒక మగాడి ఇంట్లోంచి ఇంకో మగాడి ఇష్టాయిష్టాల్లోకే వెళ్ళిందనిపిస్తుంది. ఆ వాక్యాల వేడి మాత్రం తగ్గలేదు.

ఆడవాళ్ళు తమ గురించి తామే రాశాక ఏం మారింది?

చూసే కన్ను మారింది. అంతకుముందు వర్ణన అంతా బయటినుంచి. 1980ల తర్వాత వచ్చిన స్త్రీవాద కవిత్వంలో ఒళ్ళు లోపలినుంచి మాట్లాడింది: నెలసరి, పురిటి నొప్పి, గర్భస్రావం, ఇష్టం లేని రాత్రి. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలి మేఘాలు’ సంకలనం వచ్చింది. ఈ కవయిత్రులను ‘నీలి కవులు’, అంటే బూతు కవులు, అని ఎద్దేవా చేసినవాళ్ళున్నారు. వేల పద్యాల్లో ఆడదాని నడుమును పొగిడిన భాష, అదే నడుం నొప్పెడుతోందని ఆమె అంటే తట్టుకోలేకపోయింది.

కామసూత్రం అంటే భంగిమల పుస్తకమే కదా?

వాత్స్యాయనుడి గ్రంథంలో ఏడు అధికరణాలు (భాగాలు) ఉంటే, కలయిక గురించి చెప్పేది ఒక్కటే. ఆ ఒక్కదాన్నే బొమ్మలు వేసి అమ్ముకున్నారు. మూడో అధికరణంలో కొత్త పెళ్ళికూతురికి నమ్మకం కలిగించడం గురించి ఒక అధ్యాయం ఉంది. మొదటి మూడు రాత్రులు బ్రహ్మచర్యం పాటించాలంటాడు. ఆడవాళ్ళు పువ్వులాంటివాళ్ళు, మెల్లగా దగ్గరవ్వాలంటాడు. నమ్మకం కుదరకముందే బలవంతం చేస్తే ఆమెకు ఆ పని మీదే ఏవగింపు పుడుతుందని స్పష్టంగా రాశాడు. పూలతో పోల్చడం నాకు అంత ఇష్టం లేదు గానీ, మిగతాది ఇవాళ కూడా ప్రతి పెళ్ళికొడుకూ చదవాలి.

ఎందుకంటే, నాకు వచ్చిన ఫోన్లలో సగం ఇదే. పెళ్ళయిన నెలకి ఒకమ్మాయి ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి “మేడమ్, నొప్పిగా ఉంటోంది, ఆయనకి ఎలా చెప్పాలో తెలియట్లేదు” అంది. అబ్బాయి చెడ్డవాడు కాదు. ఆమెకు మాట లేదు, అతనికి అడగాలని తెలియదు. గైనకాలజిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళమన్నాను. కలయికలో నొప్పి చాలామందికి వస్తుంది, వైద్యం ఉంది, ఓర్చుకోవడం దానికి మందు కాదు. డాక్టరు గదిలో కూర్చున్నాక కూడా ‘అక్కడ’, ‘అదీ’ అని రెండే మాటలతో నెట్టుకొచ్చామని తర్వాత చెప్పింది.

పోర్న్ చూడటానికి, ఇలాంటివి చదవడానికి తేడా ఏముంది?

కెమెరా చర్మం దగ్గర ఆగిపోతుంది. ఆ మనిషికి ఆ క్షణంలో చలేస్తోందో, బెరుగ్గా ఉందో, అమ్మ గుర్తొచ్చిందో మంచి వాక్యం చెప్పగలదు. చూసి నేర్చుకున్న పిల్లలు పడకంటే పరీక్ష అనుకుంటారు, టెన్షన్ పడతారు. ఆ టెన్షన్ వల్లే ఒళ్ళు సహకరించదు. దానికి మళ్ళీ భయపడతారు.

పిల్లలకు ఏ వయసులో ఇవి చెప్పవచ్చు?

ఒంటి భాగాల పేర్లు మాటలు వచ్చినప్పుడే చెప్పాలి. పేరు తెలియని చోట ఎవరైనా చెయ్యి వేస్తే బిడ్డ ఏమని చెబుతుంది? మార్పులు మొదలయ్యే ముందే నెలసరి గురించి, స్వప్నస్ఖలనం (నిద్రలో వీర్యం పడటం) గురించి చెప్పాలి, ఆడపిల్లలకీ మగపిల్లలకీ రెండూ. చెబితే పాడైపోతారని భయం వద్దు. వయసుకు తగిన లైంగిక విద్య పిల్లలను తొందరపెట్టదని యునెస్కో 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఉంది. మన చట్టంలో 18 ఏళ్ళలోపు వాళ్ళ సమ్మతి సమ్మతి కాదని పదో తరగతికల్లా తెలియాలి. కావ్యాలు డిగ్రీలో చెప్పుకోవచ్చు. ముందే వాళ్ళంతట వాళ్ళు చదివితే పుస్తకం లాక్కోకండి, ఏమనిపించిందో అడగండి.

ఆడామగా మధ్య కాని ప్రేమల సంగతి?

ప్రేమలో తేడా లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, అలాంటి సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ విషయంలో, ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య సంబంధం నేరం కాదంది. తెలుగులో వాళ్ళ కథలు ఇంకా తక్కువే. వాళ్ళే రాసుకున్నవి రావాలి, మనం అచ్చువేయాలి.

నాకు కోరికే ఉండదు. లోపమా?

మీకు బాధ లేకపోతే లోపం కాదు. ఇంతకుముందు ఉండి ఇప్పుడు పోతే డాక్టరుకు చెప్పండి. షుగరు, బీపీ, డిప్రెషన్, వాటికి వాడే కొన్ని మందులు కూడా కారణం కావచ్చు.

నేను శృంగార సన్నివేశం రాయాలనుకుంటున్నాను. మాటలు దొరకట్లేదు.

అందరికీ ఇదే చిక్కు. ఒకవైపు పాఠ్యపుస్తకం మాటలు, ఇంకోవైపు తిట్లు. మధ్యలో గొయ్యి. ప్రబంధం మాటలు తెచ్చి పూడుద్దామంటే అపార్టుమెంటులో ఉండే జంట ఒక్కసారిగా నాటకం వేషం వేసుకున్నట్టు ఉంటుంది.

నేను నా విద్యార్థులకు చెప్పేది: అవయవం పేరు దగ్గర ఆగిపోకండి. చెయ్యి ఏం చేసిందో రాయండి. గాజులు తీసి ఎక్కడ పెట్టింది, మోచెయ్యి కింద జుట్టు ఇరుక్కుంటే ఎవరు నవ్వారు, ఫ్యాను శబ్దం ఎప్పుడు వినపడటం మానేసింది. వాడుకలో మెత్తని మాటలు ఇంకా ఉన్నాయి: దగ్గరకు తీసుకోవడం, ఒదిగిపోవడం, ఒళ్ళు ఝల్లుమనడం, ఊపిరి అందకపోవడం. అవి పాతబడ్డాయని మీకనిపిస్తే, మీ పాత్రలు ఒకరినొకరు పిలుచుకునే మాట ఒకటి కనిపెట్టండి. నిజం జంటలు అదే చేస్తాయి. ప్రతి ఇంట్లోనూ బయటివాళ్ళకు తెలియని ఒకటి రెండు మాటలుంటాయి.

రాసి ఆ కాగితం పక్కన పెట్టండి. మర్నాడు రెండో మనిషి వైపునుంచి అదే సన్నివేశం మళ్ళీ రాయండి. ఆ మనిషికి చెప్పడానికి ఏమీ లేకపోతే, మొదటిసారి రాసింది పడెయ్యండి.

ఇంట్లోవాళ్ళు చదువుతారేమోనని భయం అందరికీ ఉంటుంది. రాసేటప్పుడు ఆ భయాన్ని గదిలోకి రానివ్వకండి. అచ్చువేయాలా వద్దా అన్నది తర్వాతి సంగతి.

మొదట ఏం చదవమంటారు?

గాథాసప్తశతి. నూనూగు మీసాల వయసులోనే దాన్ని తెనిగించానని శ్రీనాథుడు చెప్పుకున్నాడు, ఆ అనువాదం మనకు దక్కలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు తెలుగు చేసిన గాథలున్నాయి. రోజుకు రెండు చాలు. తర్వాత ముద్దుపళని. క్షేత్రయ్యను మాత్రం చదవడంతో ఆపకండి, అభినయంతో పాడేవాళ్ళ దగ్గర కూర్చుని వినండి. ఒకే పంక్తిని పదిసార్లు పాడతారు. మొదటిసారి కోపం, మూడోసారి వెక్కిరింపు, ఏడోసారికి కళ్ళలో నీళ్ళు. మాట అదే ఉంటుంది.